పేజీ పేరు వేరు, చోటు వేరు

ప్రపంచంలోని మొట్టమొదటి వికీలో సీ భాషకు 'సీ' అనే పేరుతో పేజీ తెరవడం కుదరలేదు. 1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ మొదలుపెట్టిన ఆ వికీలో లింకు పుట్టాలంటే ఒకటే దారి. రెండో అంతకన్నా ఎక్కువో ఇంగ్లిషు మాటల్ని మధ్యలో ఖాళీ లేకుండా అతికించి, ప్రతి మాట మొదట్లో క్యాపిటల్ అక్షరం పెట్టాలి. క్యామెల్ కేస్ అని పేరుపడిన పద్ధతి ఇదే. ఒంటి అక్షరం పేరున్న భాష అందులో ఇమడదు. అందుకని ఆ అక్షరాన్ని పలికినట్టుగా మూడక్షరాల్లో విడమరిచి రాసి, వెనక 'లాంగ్వేజ్' చేర్చి, 'సీలాంగ్వేజ్' అన్నారు. సీ ప్లస్ ప్లస్‌లోని కూడిక గుర్తులు కూడా అక్షరాల్లోకి మారాయి. జావా, పైథాన్, లిస్ప్ లాంటి ఒంటిమాట పేర్లన్నిటికీ అదే 'లాంగ్వేజ్' తోక తగిలింది. భాషకు పేరు పెట్టింది దాన్ని తయారుచేసినవాళ్లు. పేజీకి మాత్రం పేరు పెట్టింది సాఫ్ట్‌వేరు.

ఆ తర్వాత ప్రోగ్రామింగ్ భాషల సముదాయాలు కూడా సొంత వికీలు నడపడం మొదలుపెట్టాయి. భాషను తయారుచేసినవాళ్లు రాసే అధికారిక పత్రాలు ఎటూ ఉంటాయి. వాటిలో చోటు దొరకని సంగతులు వికీలోకి చేరతాయి: ఏ పనికి ఏ లైబ్రరీ నయం, ఏ పొరపాటు అందరూ చేస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి. చేర్చడం ఐదు నిమిషాల పని. రెండేళ్ల తర్వాత, రాసినవాళ్ల మొహం కూడా తెలియని ఒక మనిషి వచ్చి వెతికితే దొరకడమే కష్టం. ఆ కష్టం తీర్చడానికి ఒక్కో సముదాయం ఒక్కో దారి పట్టింది. ఆ దారులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందిది: పేజీ పేరు ఆ పేజీ దేని గురించో చెబితే చాలు. అది ఏ విభాగం కిందికి వస్తుంది, ఎవరి కోసం రాశారు, ఏ వెర్షన్ నాటిది అన్నవి పేరులో దూరకూడదు, వాటికి వేరే ఏర్పాట్లు కావాలి. దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. దాని గురించి ముందు ముందు చెబుతాను.

కన్నింగ్‌హామ్ పద్ధతిని పాతకాలపుదని తీసిపారేయడానికి వీల్లేదు. అందులో పేజీ పేరు, లింకు, వాక్యంలోని మాట మూడూ ఒకటే. రాస్తూ రాస్తూ ఒక పదబంధాన్ని అతికించి రాస్తే చాలు, అది లింకయ్యేది. ఆ పేరుతో పేజీ లేకపోతే పక్కన ప్రశ్నార్థకం కనిపించేది, దాన్ని నొక్కినవాళ్లు ఆ పేజీ రాసేవాళ్లు. మరెక్కడో ఇంకెవరో అదే పదబంధం వాడితే, ఒకరినొకరు ఎరగకుండానే ఇద్దరి రాతలూ ఒకే పేజీ దగ్గర కలిసేవి. కాబట్టి అక్కడ మంచి పేరంటే పదిమంది వాక్యాల్లో సునాయాసంగా ఒదిగే పేరు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని పద్ధతి వాళ్ల సూత్రం ఒకటి, 'అది నీకు అవసరం పడదులే' అనే అర్థం వచ్చే పూర్తి ఇంగ్లిషు వాక్యం, అక్కడ పేజీ పేరు. రేపు కావాల్సి వస్తుందేమోనని ఇవాళే కోడు రాసిపెట్టొద్దన్నది దాని సారం. ఎవరైనా అతిగా కట్టుకుపోతుంటే ఆ వాక్యాన్ని అతికించి రాసేవాళ్లు. అది సలహాగానూ పనిచేసేది, వివరంగా చదువుకోవడానికి దారిగానూ పనిచేసేది.

ఆ వికీలో అరలూ ఫోల్డర్లూ లేవు. పేజీలన్నీ ఒకే వరసలో ఉండేవి. వర్గాలు కావాల్సి వచ్చినప్పుడు కూడా కొత్త యంత్రాంగం కట్టలేదు. పేజీ అడుగున 'కేటగిరీ' అని మొదలయ్యే ఒక పేరు రాసేవాళ్లు, అది కూడా మామూలు పేజీయే. ఆ పేజీ తలకట్టు మీద నొక్కితే దానికి లింకిచ్చిన పేజీలన్నీ వరసగా వచ్చేవి. ఒక పేజీ అడుగున మూడు వర్గాల పేర్లు రాసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక విషయం మూడు చోట్లకు చెందినప్పుడు దాన్ని ఒక అరలోకి తోయాల్సిన అవసరం రాకపోవడం గొప్ప సౌకర్యం. తర్వాత వచ్చిన ఎన్నో వికీలు ఈ సౌకర్యాన్ని చేజేతులా వదులుకున్నాయి.

అతుకుల పద్ధతికి లోటు లేకపోలేదు. ఏకవచనంలో ఒక పేజీ, బహువచనంలో ఇంకో పేజీ పుట్టుకొస్తాయి. అతికించిన పేరు కంటికి ఆనదు. 2001 జనవరిలో వికీపీడియా కూడా ఈ పద్ధతితోనే మొదలై, ఆ ఏడాదే జంట బ్రాకెట్ల లింకులకు మారింది. బ్రాకెట్ల మధ్య ఏ మాటైనా రాసుకోవచ్చు కాబట్టి పేర్లకు ఊపిరాడింది. కానీ ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టే వీలు కూడా అప్పుడే వచ్చింది. అంతవరకు సాఫ్ట్‌వేరు పెట్టిన నియమాన్ని ఇక మనుషులే పెట్టుకోవాల్సి వచ్చింది. మొదటి మాటకే క్యాపిటల్, ఏకవచనం, జనం ఎక్కువగా వాడే పేరు అన్న కట్టుబాట్లు వికీపీడియాలో అలా వచ్చినవే.

పైథాన్ వికీ పాత పద్ధతినే పట్టుకుంది. అది నడిచిన సాఫ్ట్‌వేరు మోయిన్‌మోయిన్, దాన్నీ పైథాన్‌లోనే రాశారు. అతుకుల పేర్లకు తోడు అందులో ఏటవాలు గీతతో ఉపపేజీలు కూడా వచ్చాయి. 'బిగినర్స్‌గైడ్' కింద 'నాన్‌ప్రోగ్రామర్స్' అని ఒకటి, 'ప్రోగ్రామర్స్' అని ఇంకొకటి. మొదటిది జీవితంలో ఎప్పుడూ కోడు రాయనివాళ్లకు, రెండోది వేరే భాషలో రాసి వచ్చినవాళ్లకు. ఇది మంచి విభజన, ఉపపేజీని వాడాల్సిన చోటే వాడారు. 'నాన్‌ప్రోగ్రామర్స్' అన్న పేరు విడిగా నిలబడదు. ప్రోగ్రామర్లు కానివాళ్లకు ఏమిటి అన్న ప్రశ్న మిగిలిపోతుంది, ఆ ప్రశ్నకు జవాబు తల్లిపేజీ పేరులో ఉంది. తల్లి లేకుండా అర్థం కాని పేరుకే ఉపపేజీ హోదా ఇవ్వాలన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే సగం తగాదాలు తీరిపోతాయని నా నమ్మకం.

దీనికి ఎదురుగా, అదే వికీలోని 'టైమ్‌కాంప్లెక్సిటీ' పేజీని చూడండి. జాబితా చివర ఒక అంశం చేర్చడానికి ఎంత పడుతుంది, మొదట్లో దూర్చడానికి ఎంత పడుతుంది, డిక్షనరీలో వెతకడానికి సగటున ఎంత, అతి చెడ్డ సందర్భంలో ఎంత అన్న పట్టికలు అందులో ఉన్నాయి. పైథాన్ రాసేవాళ్లు అధికారిక పత్రాల్లో దొరక్క దీని దగ్గరికి పరిగెడతారు. ఇది జాబితాల కిందికి వస్తుందా, డిక్షనరీల కిందికా, కోడు వేగం కిందికా, ఇంటర్వ్యూల తయారీ కిందికా? అన్నిటి కిందికీ వస్తుంది. ఏదో ఒక తల్లికి కట్టేసి ఉంటే మిగతా మూడు వైపుల నుంచి వచ్చేవాళ్లకు కనపడకుండా పోయేది. పైకి ఏ వంశమూ చెప్పుకోకుండా తన పేరుతో తను నిలబడింది కాబట్టే అన్ని చోట్ల నుంచీ దానికి లింకులు వచ్చాయి.

ఆ వికీలోనే నాకు నచ్చని సంగతి ఒకటుంది. పుస్తకాల పేజీ పేరు 'పైథాన్‌బుక్స్', ఎడిటర్ల పేజీ 'పైథాన్‌ఎడిటర్స్', కానీ వెబ్ ఫ్రేమ్‌వర్కుల పేజీ ఒట్టి 'వెబ్‌ఫ్రేమ్‌వర్క్స్'. పైథాన్ వికీలో ప్రతిదీ పైథాన్ గురించే. పేరు ముందు ఆ మాట చేర్చిన పేజీలన్నీ అక్షరక్రమంలో ఒకే చోట కుప్ప పడతాయి, చేర్చనివి చెదిరిపోతాయి. మోయిన్‌మోయిన్‌లో 'వర్డ్‌ఇండెక్స్' అని ఒక పేజీ ఉంది. అది అతుకుల పేర్లను తిరిగి మాటలుగా విడగొట్టి సూచిక తయారుచేస్తుంది కాబట్టి కొంత ఆదుకుంటుంది. అయినా నియమం లేని లోటు నియమం లేనిదే. పైగా ఎడిటర్లకు ఒక పేజీ, సమగ్ర అభివృద్ధి పరిసరాలకు ఇంకో పేజీ. రెండు పనులూ చేసే సాఫ్ట్‌వేరు ఎందులో చేరాలి? పేజీలను విడదీసేటప్పుడు సరిహద్దు ఎక్కడో మొదటి పంక్తిలో చెప్పకపోతే ఒకే సరుకు రెండు చోట్లా సగం సగం పేరుకుంటుంది.

పేర్ల గురించి ఆలోచించేవాళ్లు తప్పక చూడాల్సింది హాస్కెల్ భాష సముదాయం అనుభవం. ఆ సముదాయానికి మొదట హావికీ అని ఒకటుండేది, మోయిన్‌మోయిన్ మీదే, అతుకుల పేర్లతోనే. 2006లో, వికీపీడియాను నడిపే మీడియావికీ మీద కొత్త హాస్కెల్‌వికీ మొదలైంది. పాత పేజీల్ని గంపగుత్తగా తెచ్చుకోవడం కుదరలేదు, ఎందుకంటే పాతదాంట్లో రాసినవాళ్లు ఏ లైసెన్సు కింద రాశారో స్పష్టంగా లేదు. కొత్త వికీలోని ప్రతి మాటనూ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగలగాలని నిర్ణయించుకున్నారు. కాబట్టి రాసినవాళ్ల అనుమతి ఉన్న పేజీలే ఇటు రావాలి. పని నత్తనడకన సాగింది, కొన్ని మంచి పేజీలు వెనకబడిపోయాయి. అయినా పేర్ల విషయంలో మేలే జరిగిందంటాను. వచ్చిన ప్రతి పేజీ ఒక మనిషి చేతిమీదుగా వచ్చింది, వచ్చేటప్పుడు అతుకులు విడిపోయి చదవదగిన పేరు తెచ్చుకుంది. 'మొనాడ్స్‌యాజ్‌కంటెయినర్స్' మూడు విడి మాటలైంది. యంత్రంతో ఒక్క రాత్రిలో తరలించిన వికీల్లో పాత పేర్లూ పాత తప్పులూ కూడా యథాతథంగా కొత్తింటికి వస్తాయి.

మీడియావికీకి ఒక అలవాటుంది. పేజీ పేరులోని మొదటి అక్షరాన్ని తనంతట తానే క్యాపిటల్ చేస్తుంది. విజ్ఞాన సర్వస్వానికి ఇది హాయిగా ఉంటుంది, హాస్కెల్‌కు మాత్రం చిక్కు. ఆ భాషలో చిన్నక్షరంతో మొదలయ్యేది ఫంక్షనో చరరాశో అవుతుంది, క్యాపిటల్‌తో మొదలయ్యేది టైపో కన్‌స్ట్రక్టరో అవుతుంది. తేడా అందానికి కాదు, వ్యాకరణానికి. ఫోల్డ్‌ఆర్, ఫోల్డ్‌ఎల్, దానికి ప్రైమ్ గుర్తున్న తోబుట్టువు — ఈ మూడు ఫంక్షన్ల తేడా చెప్పే పేజీ ఆ వికీలో బాగా పేరున్నది. దాని తలకట్టులో మూడు పేర్లూ క్యాపిటల్‌తోనే ఉన్నాయి. కంపైలరు ముందు అలా రాస్తే అవి ఫంక్షన్లే కావు. ఈ అలవాటు మాన్పించే సెట్టింగు మీడియావికీలో ఉంది, ఇంగ్లిషు విక్షనరీ 2005లోనే దాన్ని వాడుకుంది. చిన్నక్షరానికీ పెద్దక్షరానికీ అర్థం మారే భాష కోసం వికీ పెట్టేవాళ్లు మొదటిరోజే ఈ సెట్టింగు సంగతి తేల్చుకోవాలి. వెయ్యి పేజీలు పడ్డాక మార్చబోతే లింకులన్నీ కదిలిపోతాయి.

హాస్కెల్ వికీలో మొనాడ్ అనే ఒక్క భావన మీద ఎన్ని పేజీలో! 'మొనాడ్' అని సూటిగా ఒకటి, మొనాడ్‌ను డబ్బాగా చూపించేది ఒకటి, గణనగా చూపించేది ఇంకొకటి, 'ఆల్ అబౌట్ మొనాడ్స్' అన్న పెద్ద పాఠం, చివరికి మొనాడ్ పాఠాలు ఏ కాలంలో ఏవి వచ్చాయో చెప్పే జాబితా పేజీ. వీటిని కలిపి ఒకటి చేయాలనే చక్కబెట్టే బుద్ధి ఎవరికైనా పుడుతుంది. అది తప్పని నా అభిప్రాయం. ఒకే భావనను ఇద్దరు రెండు దారుల్లో అర్థం చేయించారు, ఒక దారి ఎక్కనివాళ్లకు రెండోది ఎక్కుతుంది. చేయాల్సింది కలపడం కాదు. 'మొనాడ్' అన్న సూటి పేరున్న పేజీని ద్వారంగా నిలబెట్టి, మిగతావి ఎవరికి పనికొస్తాయో ఒక్కో వాక్యంలో చెప్పాలి. బ్రెంట్ యార్గీ రాసిన 'టైప్‌క్లాసోపీడియా' సంగతి ఇంకా వేరు. 2009 మార్చిలో 'ది మొనాడ్.రీడర్' పత్రిక 13వ సంచికలో వచ్చిన ఆ వ్యాసం 2011లో వికీలోకి చేరింది. విషయం వెతికేవాళ్లెవరూ ఆ పేరుతో వెతకరు, ఎందుకంటే అది రచయిత కల్పించిన మాట. కానీ అది విషయం పేరు కాదు, ఒక రచన పేరు. రచనలకు రచయితలు పెట్టిన పేరే ఉండాలి, విషయాల పేజీల నుంచి అక్కడికి లింకు ఉంటే చాలు.

ఇక మినహాయింపు సంగతి. సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకు సీపీపీరిఫరెన్స్ లేకుండా రోజు గడవదు. అదీ మీడియావికీయే, కానీ పేర్లన్నీ చిన్నక్షరాల్లో చెట్టుకొమ్మల్లా ఉంటాయి: సీపీపీ, గీత, కంటెయినర్, గీత, వెక్టర్, గీత, పుష్_బ్యాక్. పేరులో చోటు పెట్టొద్దన్న నా వాదనకు ఇది పూర్తిగా ఎదురు, అయినా చక్కగా పనిచేస్తుంది. కారణం, ఆ చోటును వికీ రాసేవాళ్లు కల్పించలేదు. పుష్_బ్యాక్ వెక్టర్‌కు సభ్యురాలని భాష ప్రమాణ పత్రమే శాసించింది, రేపు అభిప్రాయం మారి వేరే చోటికి పోదు. లైబ్రరీ నిర్మాణం తెలిసిన ప్రోగ్రామరు చిరునామాను చేత్తోనే టైపు చేసి పేజీకి చేరగలడు.

అక్కడ కూడా చెట్టు ఎక్కడ బలహీనపడుతుందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. వెక్టర్‌లో చదరపు బ్రాకెట్లతో అంశాన్ని అందుకునే ఆపరేటరుకు ఆ గుర్తుతోనే పేజీ పెట్టలేరు, వికీకి అవి లింకు గుర్తులు. కాబట్టి ఆ పేజీ 'ఆపరేటర్_ఎట్' అయింది. పోలిక ఆపరేటర్లన్నీ 'ఆపరేటర్_సీఎంపీ' అన్న ఒకే పేజీలో చేరాయి. ఈ మారుపేర్లు భాషలో లేవు, ప్రమాణ పత్రంలో లేవు, వికీకి అలవాటుపడినవాళ్లకే తెలుసు. స్ట్రింగ్ పేజీ కోసం వెళ్తే 'బేసిక్_స్ట్రింగ్' దగ్గర తేలతాం. భాష దృష్టిలో అది సరైనదే, స్ట్రింగ్ అన్నది దానికి మారుపేరు మాత్రమే. కానీ మొదటి సంవత్సరం విద్యార్థికి ఆ సంగతి తెలియదు, తప్పు పేజీకి వచ్చానేమో అనుకుంటాడు. ఇక పెయిర్, టూపుల్, ఆప్షనల్ లాంటివి 'యుటిలిటీ' కొమ్మకు చేరాయి. ఏ చెట్టులోనైనా 'ఇతరములు' అనే కొమ్మ పెరుగుతుంటే, అక్కడికి భాష ఇచ్చిన వర్గీకరణ అయిపోయి మనుషులు కల్పించింది మొదలైందని అర్థం.

2007లో మొదలైన రోసెట్టా కోడ్‌కు సమస్య వేరే తీరులో ఎదురైంది. అక్కడ ఒక్క భాష కాదు, వందల భాషలు. ఫిజ్‌బజ్, హనోయి గోపురాలు లాంటి చిన్న సమస్య ఒక్కోటీ ఒక పేజీ. ఆ పేజీలో ప్రతి భాషలోనూ పరిష్కారం, భాషల పేర్ల అక్షరక్రమంలో. చదివేవాళ్లు రెండు వైపుల నుంచి వస్తారు. ఈ సమస్య ఏయే భాషల్లో ఎలా రాస్తారు అని ఒకరు, ఈ భాషలో ఏయే సమస్యలు రాశారు అని ఇంకొకరు. సమస్యను పేజీగా, భాషను వర్గంగా పెట్టి వాళ్లు ఈ ముడి విప్పారు. భాష పేరు శీర్షికగా రాసే మూస వాడగానే పేజీ దానంతటదే ఆ భాష వర్గంలోకి చేరుతుంది. దాని మీద ఆధారపడి, ఫలానా భాషలో ఇంకా ఎవరూ రాయని సమస్యల జాబితా కూడా తయారవుతుంది. రాయాలని వచ్చినవాళ్లకు అంతకన్నా మంచి ఆహ్వానం ఉండదు. రాసేవాళ్లు ఒక్క శీర్షిక సరిగ్గా పెడితే అమరిక మొత్తం యంత్రం చేసిపెట్టడం నాకు తెలిసిన వికీ ఏర్పాట్లలో అతి తెలివైనది.

గుర్తుల బాధ మాత్రం వాళ్లకూ తప్పలేదు. సీ షార్ప్ పేరులోని హ్యాష్ గుర్తు (#) వెబ్ చిరునామాలో పేజీలోని ఒక భాగాన్ని సూచిస్తుంది, పేజీ పేరులో ఉండకూడదు. ఆ గుర్తును వదిలేస్తే సీ షార్ప్ పోయి సీ మిగులుతుంది, అంటే వేరే భాష. అందుకే వికీపీడియాలోనూ రోసెట్టాలోనూ 'షార్ప్' అన్న మాటను అక్షరాల్లో రాసి పేజీ పెట్టారు. ఎఫ్ షార్ప్‌కూ అంతే.

టీసీఎల్ భాష వాళ్ల వికీలో చాలాకాలం ప్రతి పేజీకీ చిరునామాలో ఒక సంఖ్య ఉండేది. వీధిలో ఇంటి నంబరు అలాగే ఉండి గుమ్మం మీద పేరుపలక మారినట్టు, సంఖ్య మారకుండా తలకట్టు మారవచ్చు. లింకులు తెగవు. ఇది చాలా మంచి గుణం, కానీ సంఖ్యను చూసి మనిషికి ఏమీ తెలియదు. ఎక్కడైనా ఆ చిరునామా కనపడితే తెరిచి చూస్తే తప్ప ఏ పేజీయో అర్థం కాదు. తర్వాత చిరునామాల్లోకి పేర్లు వచ్చాయి. ఆ వికీలో ఇంకో ఆచారం, రాసిన ముక్క చివర తమ పేరు పొడి అక్షరాలు వేసుకోవడం. ఒకే పేజీలో వివరణా ఉంటుంది, దాని మీద చర్చా సాగుతుంది. చదవడానికి కబుర్లు విన్నట్టు సరదాగా ఉంటుంది. అయితే చర్చ పెరిగేకొద్దీ పేజీ పేరుకీ పేజీలో ఉన్నదానికీ మధ్య దూరం పెరుగుతుంది. చర్చలో తేలినదాన్ని ఎవరో ఒకరు కూర్చుని పైకి తెచ్చి రాస్తేనే పేరు మళ్లీ నిజమవుతుంది.

అన్నిటికన్నా పేర్లను తొందరగా పాడుచేసేది కాలం. పీహెచ్‌పీ వాళ్ల వికీలో భాషకు కొత్త సౌకర్యాలు ప్రతిపాదించే పేజీలుంటాయి. వాటి పేర్లలో కొన్నిటికి చివర వీ2, వీ5 అని కనిపిస్తాయి. స్కేలర్ టైపుల ప్రతిపాదన 'వీ5' పేరుతో 2015 మార్చిలో ఓటింగులో నెగ్గి పీహెచ్‌పీ 7లోకి వెళ్లింది. ప్రతిపాదనల విషయంలో ఈ సంఖ్య న్యాయమే. ఓటు వేసినవాళ్లు ఏ పాఠానికి వేశారో తర్వాత తరానికి తెలియాలి, పాత పేజీ చెరిపి దాని మీదే రాస్తే చరిత్ర కలుషితమవుతుంది. అది దస్తావేజు. నేర్పే పేజీలకు, చిట్కాల పేజీలకు ఈ న్యాయం వర్తించదు.

పైథాన్ వికీలో రెండో పైథానా మూడో పైథానా అన్న ప్రశ్నే ఒక పేజీ పేరు. 2008 డిసెంబరులో పైథాన్ 3.0 వచ్చాక పదేళ్లపాటు ఆ ప్రశ్న ఎంతోమందిని నిజంగానే వేధించింది, ఆ పేజీ ఎంతోమందికి దారి చూపింది. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది. ఇప్పుడు ఆ పేరు చూసిన కొత్త మనిషి ఇంకా ఎంచుకోవాల్సిందేదో ఉందనుకుంటాడు. గో భాష వికీలో 'కామన్‌మిస్టేక్స్' పేజీ ఉంది. లూపు చరరాశిని పట్టుకుని ఉంచుకుంటే ప్రతి చుట్టులోనూ ఒకే విలువ కనిపించే తప్పు అందులో పేరుమోసింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22తో భాషే మారి ఆ తప్పు తప్పు కాకుండా పోయింది. అదే వికీలోని 'స్లైస్‌ట్రిక్స్' పేజీలో చేత్తో రాసుకునే చిట్కాల్లో చాలావాటికి 1.21 నుంచి ప్రామాణిక లైబ్రరీలోనే ఫంక్షన్లు వచ్చేశాయి. ఈ రెండు పేజీల పేర్లలో వెర్షన్ లేదు, అది మంచిదైంది. పేరు అలాగే ఉండి లోపల 'ఫలానా వెర్షన్ నుంచి అవసరం లేదు' అని రాసుకునే వీలు మిగిలింది. సీపీపీరిఫరెన్స్ కూడా ఇదే చేస్తుంది. ఒకే పేజీలో ప్రతి వరస పక్కన 'సీ ప్లస్ ప్లస్ 11 నుంచి', '20 వరకు' అని చీటీలు ఉంటాయి. వెర్షన్‌కో పేజీ పెట్టి ఉంటే పాత పేజీలు వెతుకులాటలో ముందు కనిపించి, కొత్తవాళ్లను పదేళ్లు వెనక్కి తీసుకెళ్లేవి.

ఎంత జాగ్రత్తపడ్డా పేర్లు మార్చాల్సి వస్తుంది. ఒక్కోసారి భాషే పేరు మార్చుకుంటుంది. పీఎల్‌టీ స్కీమ్ 2010లో రాకెట్ అయింది, పెర్ల్ 6 2019 అక్టోబరులో రాకూ అయింది. మీడియావికీలో పేజీని తరలిస్తే పాత పేరు దగ్గర కొత్త పేరుకు తీసుకెళ్లే దారిమార్పు దానంతటదే మిగులుతుంది. దీన్ని చెత్త అనుకుని తుడిచేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ పాత పేరు ఎన్ని పాఠ్యపుస్తకాల్లో, ఎన్ని కోడు వ్యాఖ్యల్లో, ఎన్ని ఆఫీసుల నోట్సుల్లో ఉందో వికీ లోపల కూర్చున్నవాళ్లకు కనపడదు. మంచి చిరునామాలు మారవని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే వాదించాడు. దారిమార్పు ఒక వరస పాఠ్యం, నిలుపుకోవడానికి ఖర్చేమీ లేదు. పైగా అది తరలింపు కోసమే పుట్టనక్కర్లేదు. జనం వెతికే ప్రతి పేరుకూ, తప్పు స్పెల్లింగుతో సహా, ముందే ఒక దారిమార్పు వేసిపెట్టవచ్చు. పేజీకి ఏ పేరు ఉండాలని నెలల తరబడి వాదించుకునే చోట, ఓడిన పేర్లన్నిటినీ దారిమార్పులుగా ఉంచుతామని ముందే చెబితే వాదన సగం చల్లారుతుంది.

తెలుగులో ప్రోగ్రామింగ్ గురించి రాయాలనుకునేవాళ్లకు దారిమార్పులు మరీ అవసరం. మన లిపిలో క్యాపిటల్ అక్షరాలు లేవు కాబట్టి తొలి వికీ పద్ధతిలో తెలుగు పేరుతో లింకు పుట్టే ప్రశ్నే లేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి బ్రాకెట్ల లింకులు వచ్చేసి ఉండటం మన అదృష్టం. ఇక వర్ణక్రమం: సి అని రాస్తారు కొందరు, సీ అని కొందరు, పైథాన్ అంటారు, పైతాన్ అంటారు. ఏది ప్రధానమో తేల్చి రెండోదాన్ని దారిమార్పు చేస్తే సరిపోతుంది. ఇంతకన్నా మొండి సమస్య కంటికి కనపడని అక్షరం. 'పైథాన్‌లో' అని పొల్లును విడిగా నిలబెట్టి రాయడానికి యూనికోడ్‌లో కనిపించని అక్షరమొకటి మధ్యలో పడుతుంది. కొన్ని కీబోర్డులతో టైపు చేస్తే అది పొల్లుతో ముగిసే పేరు చివర కూడా చేరిపోతుంది. అప్పుడు మన కంటికి ఒకే పేరు, యంత్రానికి రెండు పేర్లు. పేజీ లేనట్టు లింకు ఎర్రగా కనపడుతుంది, ఎందుకో అర్థం కాదు. తెలుగులో సాంకేతిక వికీ పెట్టేవాళ్లు పేరు చివరి కనిపించని అక్షరాన్ని సాఫ్ట్‌వేరే తుడిచేసే ఏర్పాటు మొదట్లోనే చేసుకోవాలి.

ఇదంతా చేయడానికి మనుషులు కావాలి. స్పామ్ తాకిడి తట్టుకోలేక పైథాన్ వికీ సంపాదకుల జాబితాలో చేరినవాళ్లకే రాసే హక్కు ఇచ్చింది. దాంతో చెత్త తగ్గింది. కానీ తప్పు పేరు కంటపడిన దారినపోయే పాఠకుడు దాన్ని అక్కడికక్కడ సరిదిద్దే వీలూ పోయింది. గో వికీ కూడా ఒకప్పుడు గిట్‌హబ్‌లో ఎవరైనా మార్చగలిగేలా ఉండేది. ఇప్పుడది భాష సొంత సైటులోకి వచ్చింది, మార్పులు సమీక్ష దాటి రావాలి. ఆ తరలింపులో వాళ్లు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. చిరునామాలో 'కోడ్‌రివ్యూకామెంట్స్' అన్న పాత అతుకు పేరును ముట్టుకోలేదు. పేజీ తలకట్టు మాత్రం 'గో వికీ' అన్న మాటతో మొదలై విడివిడి మాటల్లో చదవడానికి వీలుగా ఉంటుంది. చిరునామా పాత లింకుల కోసం, తలకట్టు కొత్త పాఠకుల కోసం. ఒక్క పేరు మీద రెండు పనుల బరువు పెట్టకపోవడం వల్ల రెండూ కుదిరాయి.

రాసే హక్కును ఎంత విప్పాలన్నది ప్రతి సముదాయమూ తన స్పామ్‌ను బట్టి, తనకున్న తీరికను బట్టి తేల్చుకుంటుంది. నేనైతే పాఠ్యం అందరికీ తెరిచి, పేజీ తరలింపును కొద్దిమందికే ఇస్తాను. పాఠ్యంలో తప్పు పడితే ఒక పేజీ చెడుతుంది, తరలింపులో తప్పు పడితే దానికి లింకిచ్చినవాళ్లందరి దారీ చెడుతుంది. ఆ కొద్దిమంది చేయాల్సిన పని కూడా పెద్దదేం కాదు. ఏ పేజీ నుంచీ లింకు రాని అనాథ పేజీల జాబితా, లింకులుండి ఇంకా పుట్టని పేజీల జాబితా — మోయిన్‌మోయిన్, మీడియావికీ రెండూ ఈ రెండింటినీ అడిగితే ఇస్తాయి. మొదటి జాబితాలో ఉన్నవాటికి పేరు తప్పయినా ఉంటుంది, లింకు మరిచిపోయినా ఉంటారు. రెండో జాబితాలో ఉన్నవి జనం సహజంగా వాడుతున్న పేర్లు, వాటిలో కొన్నిటికి పేజీలు ఇప్పటికే వేరే పేర్లతో ఉంటాయి. నెలకోసారి ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి దారిమార్పులు వేస్తూ పోతే చాలు.